కోడి ఇంటిది, కొక్కెర వాడకట్టుది

"నాటుకోడికి రోగం రాదు" అనే మాట నేను వినని వారం లేదు. చికెన్ సెంటర్ దగ్గర, కిరాణా కొట్టు దగ్గర, పెరటికోళ్ల వీడియోల కింద, ఆఖరికి పశువుల ఆసుపత్రి మెట్ల మీద కూడా విన్నాను. చెప్పేవాళ్లు నమ్మకంగానే చెప్తారు. వాళ్ల దొడ్డిలోకి వెళ్లి చూస్తే నిరుడు ఇరవై కోళ్లు తిరిగిన చోట ఇప్పుడు రెండు పెట్టలు, ఓ ముసలి పుంజు కనిపిస్తాయి. మిగతావి ఏమయ్యాయని అడిగితే "గాలి తాకి పోయినయ్" అంటారు. గాలి తాకడం రోగం కిందికి రాదన్నట్టు.

మాది ఖిలా వరంగల్. తోరణాలు చూడటానికి వచ్చేవాళ్లకు ఇది కాకతీయుల కోట, మాకు మాత్రం ఊరు. మట్టికోట లోపల పొలాలున్నాయి, బర్రెలున్నాయి, రేకుల ఇళ్లూ డాబాలూ పక్కపక్కనే ఉన్నాయి, చాలా దొడ్లలో నాలుగైదు కోళ్లున్నాయి. కార్పొరేషన్ పన్ను కడుతున్నా కోళ్ల విషయంలో మేం పల్లెటూరి వాళ్లమే. మా ఇంట్లో కోళ్లు అత్తమ్మవి. గుడ్ల పైసలు అత్తమ్మవి, పుంజును అమ్మితే ఆ పైసలూ అత్తమ్మవే, ఎవరికీ లెక్క చెప్పదు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో నాకు కోళ్లంటే పొద్దున్నే రెట్ట ఊడ్చే పని, అంతే. ఇప్పుడు వాటి గురించి ఇంత పొడుగున రాస్తున్నానంటే ప్రేమ కంటే కోపమే ఎక్కువ కారణం. కొక్కెర లాంటి ఆపగలిగిన రోగంతో వాడకట్టు వాడకట్టే ఖాళీ అవుతుంటే, అందరూ దాన్ని దేవుడి ఖాతాలో రాసేసి ఊరుకోవడం మీద కోపం.

ముందు నాటుకోడికి దక్కాల్సిన మర్యాద దక్కనిద్దాం. మేలో ఓరుగల్లు ఎండ 44 డిగ్రీలు దాటినా చెట్టు కింద మట్టి గీరుకుని, అందులో పొట్ట ఆనించి, ముక్కు తెరిచి రొప్పుతూ నెట్టుకొస్తుంది. ఫారం కోడి ఆ ఎండకు ఫ్యాను ఆగితే చాలు, పోతుంది. నూకలు, తవుడు, రాలిన మక్కలు, పెంటకుప్పలో పురుగులు, ఏది దొరికితే అది తిని బతుకుతుంది. గద్ద నీడ పడితే పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంటుంది. తన గుడ్లు తనే 21 రోజులు పొదిగి పిల్లల్ని చేస్తుంది, మనకు కరెంటు మిషన్ అక్కర్లేదు. ఇవన్నీ నిజమే. కానీ ఎండను తట్టుకోవడం వేరు, వైరస్‌ను తట్టుకోవడం వేరు. మొదటిది చూసి రెండోది కూడా ఉందనుకోవడంతోనే వస్తోంది గొడవంతా.

కొక్కెర తెగులు అంటే డాక్టర్లు చెప్పే రాణిఖేత్ వ్యాధి. వైరస్ రోగం. ఒకసారి వచ్చాక మందు లేదు, టీకా వేయని మందలో గట్టి రకం వైరస్ దూరితే దాదాపు అన్నీ పోతాయి. చలి పోయి ఎండలు ముదిరే రోజుల్లో మా వైపు ఎక్కువగా చూస్తాం. కోడి ముందు రెక్కలు వేలాడేసి, ఈకలు ఉబ్బించుకుని, గోడ మూలన కళ్లు మూసుకుని నిలబడుతుంది. ముక్కులోంచి, నోట్లోంచి చొంగ. తోక కింద ఆకుపచ్చటి పల్చటి రెట్ట అంటుకుని ఉంటుంది. గొంతులో గురక. ఆ రెండు మూడు రోజులు గట్టెక్కిన కోడికి మెడ వంకర తిరుగుతుంది. అలాంటి పెట్ట ఒకటి నూకలు తినడానికి తంటాలు పడటం నేను దగ్గర కూర్చుని చూశాను. గింజ ఎక్కడుందో దానికి కనిపిస్తూనే ఉంది, ఆకలీ ఉంది. ముక్కు వేయబోయేసరికి తల పక్కకు తిరిగిపోయి ముక్కు ఉత్త నేల మీద పడుతోంది. మళ్లీ చూసుకుంటుంది, మళ్లీ పొడుస్తుంది, మళ్లీ నేలే. అత్తమ్మ నూకలు అరచేతిలో పోసి దాని ముక్కు కిందే పెడితే అప్పుడు నాలుగు గింజలు లోపలికి పోయాయి.

అసలు ప్రమాదం ఆ మెడ తిరిగిన కోడితో కాదు. దాన్ని చూస్తే ఎవరికైనా రోగమని తెలుస్తుంది. వైరస్ తగిలాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా ఐదారు రోజులు పడుతుంది. ఆ లోపు కోడి చూడ్డానికి నిక్షేపంగా ఉంటుంది, గోడ దూకి పక్కింటి తొట్టిలో నీళ్లు తాగి వస్తుంది. మన దొడ్డికి గేటు ఉంటుందేమో గానీ కోడికి ఉండదు. నా చెప్పుల కింద అంటిన రెట్ట, పక్కింటి వదిన ఇచ్చిన గంప, కోళ్ల బేరగాడి సైకిల్‌కు కట్టిన జాలీ బుట్ట, అన్నీ దానికి దారులే.

ఇంకో దారి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఒక కోడి తూగడం మొదలవగానే ఇంటివాళ్లు చేసే మొదటి పని ఏమిటి? మిగతావి బాగున్నప్పుడే అమ్మేయడం. "పోతే పూర్తిగా పోతది, అమ్ముకుంటే సగమన్నా వస్తది" అని వారపు అంగడికి పట్టుకుపోతారు. అక్కడ కొన్నవాళ్లు తమ ఊరికి తీసుకెళ్తారు. అమ్మినవాళ్లను తిట్టడం తేలిక. ఇంట్లో మగవాళ్ల చెయ్యి పడని డబ్బు ఆ ఆడమనిషికి అదొక్కటే అయినప్పుడు ఆమె ఇంకేం చేస్తుందని అడిగితే నా దగ్గరా సమాధానం లేదు. కానీ ఆమె ఆదా చేసుకున్న సగం డబ్బు, కొన్న ఊళ్లో పది ఇళ్ల కోళ్లను తీసుకుపోతుంది. అందుకే అంటున్నాను, కోడి ఇంటిదే కావచ్చు, కొక్కెర మాత్రం వాడకట్టుది. నివారణ కూడా వాడకట్టు స్థాయిలో జరగాలి. ఒక్క ఇల్లు జాగ్రత్తపడితే ఆ ఇంటికి కొంత మేలే, కానీ చుట్టూ పది దొడ్లు అలాగే వదిలేస్తే ఆ జాగ్రత్త ఎక్కువ కాలం నిలవదు.

టీకా ఉంది కదా అంటారు. ఉంది, ఎప్పటి నుంచో ఉంది. పిల్లకు ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా అనే కొక్కెర టీకా చుక్క, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఎనిమిది వారాలకు ఆర్2బి అనే ఇంకో కొక్కెర టీకా సూది. మధ్యలో గంబోరో అనే ఇంకో వైరస్ రోగానికి, కోళ్ల మశూచికి టీకాలు కూడా ఉన్నాయి, వీలుంటే వేయించాలి. కానీ ఒక్కటే వేయించగలిగితే కొక్కెరది వేయించండి.

మరి ఎందుకు వేయించరు? మూఢనమ్మకం, చదువు లేకపోవడం అని తేల్చేసేవాళ్లు ఓసారి టీకా సీసా చేతిలోకి తీసుకుని చూడాలి. మార్కెట్లో దొరికే సీసాలు వంద డోసులు, రెండొందలు, ఐదొందలు, వెయ్యి. ఇంట్లో ఉన్నవి ఎనిమిది కోళ్లు. సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉంచాలి, దుకాణం నుంచి ఇంటిదాకా ఐస్‌లో తేవాలి. ఒకసారి కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి, మిగిలింది పారేయాలి. ఎనిమిది చుక్కల కోసం తొంభై రెండు చుక్కలు పారబోయమంటే ఏ ఇల్లాలైనా పారబోస్తుందా? ఈ సీసా షెడ్డుల కోసం తయారైంది, దొడ్డి కోసం కాదు.

పథకాలూ అంతే. జాతీయ పశుధన పథకం కింద పెరటి రకం కోళ్ల యూనిట్‌కు 50 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 25 లక్షల దాకా ఇస్తారు. వినడానికి బాగుంది. మొదలుపెట్టడానికి కనీసం వెయ్యి తల్లి కోళ్లు ఉండాలి. మా వాడకట్టు మొత్తం కలిపినా వెయ్యి కావు. ఎనిమిది కోళ్ల మనిషి ఏ కాగితంలోనూ రైతు కాదు. అలాగని ఇది చిన్న లెక్కా కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో 85 కోట్ల పైచిలుకు కోళ్లు, ఇతర పెంపుడు పక్షులుంటే వాటిలో దాదాపు 31.7 కోట్లు పెరటివే. 2012తో పోలిస్తే పెరటివి సుమారు 46 శాతం పెరిగాయి. ఇంత పెద్ద మందకు టీకా బాధ్యత ఎవరిదని అడిగితే ఎవరి వేలూ పైకి లేవదు.

మేం చేసింది గొప్ప పనేం కాదు. వాడకట్టులో ఆరేడు ఇళ్ల ఆడవాళ్లం కలిసి ఒక ఆదివారం అనుకున్నాం. డబ్బు ఇంటికింత అని వేసుకుంటే మనిషికి ఓ టీ ఖర్చు అయింది. చదువుకున్న కోడలినని సీసా తెచ్చే పని నాకు అంటగట్టారు. వేళ మాత్రం అత్తమ్మ నిర్ణయం: తెల్లవారుజామున, ఇంకా గూళ్లు తెరవకముందు. తెరిచాక కోడిని పట్టుకోవడం ఎవరి తరం? మట్టికోట ఎక్కి కూర్చుంటాయి.

ఒకరు కోడిని చంకలో పెట్టుకుని కాళ్లు పట్టుకుంటారు. నేను తలను మెల్లగా పక్కకు తిప్పి, డ్రాపర్ కంటికి తగలకుండా ఓ వేలెడు పైన పట్టుకుని ఒక్క చుక్క వదులుతాను. చుక్క కంటి మీద పాదరసంలా నిలుస్తుంది. వదిలేయకూడదు. కోడి రెప్ప కొట్టే దాకా, ఆ చుక్క లోపలికి ఇంకే దాకా ఆగాలి. కొన్ని వెంటనే కొడతాయి. కొన్ని నన్నే చూస్తూ మొండికేస్తాయి. తొందరపడి వదిలితే తల విదిలిస్తుంది, చుక్క నా చీర మీద పడుతుంది, దాని లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఇదంతా అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా మన కళ్లు నలుపుకోవద్దు. ఈ వైరస్ మనుషులకు పెద్దగా ఏమీ చేయదు గానీ కళ్ల కలక తెప్పిస్తుంది.

నీళ్లలో కలిపి వేసే పద్ధతి కూడా ఉంది, రెండో విడతకు చాలామంది అదే చేస్తారు. చేస్తే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మిషన్ భగీరథ నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మన కడుపుకు అది మంచిదే, ప్రాణమున్న టీకా మాత్రం అందులో చస్తుంది. బోరు నీళ్లో బావి నీళ్లో వాడాలి, కాస్త వెన్న తీసిన పాలపొడి కలిపితే ఇంకా మంచిది. కోళ్లకు అంతకుముందు ఓ గంటో రెండు గంటలో నీళ్లు పెట్టకుండా ఉంచితే దాహానికి గబగబా తాగేస్తాయి. ఇంత చిన్న విషయం తెలియక "టీకా వేసినా చచ్చినయ్" అన్నవాళ్లు నాకు తెలుసు. వాళ్ల మాట పట్టుకుని ఇంకో పది ఇళ్లు టీకా మానేశాయి.

రోగం వచ్చాక మా వైపు చేసే వైద్యం గురించి రెండు ముక్కలు. పసుపు, ఎల్లిగడ్డ, ఉల్లిగడ్డ దంచి మింగించడం వల్ల నష్టం లేదు, కొక్కెర తగ్గడమూ లేదు. దానికి నేను అడ్డుపడను. నాకు భయం మెడికల్ షాపు వైద్యంతో. మనుషుల యాంటీబయోటిక్ క్యాప్సూల్ విప్పి నీళ్లలో కలిపి పోయడం ఇప్పుడు చాలా ఇళ్లలో మామూలైంది. వైరస్‌కు యాంటీబయోటిక్ పనిచేయదు. పని చేయని మందు కోడి ఒంట్లో, గుడ్డులో మిగిలి మన పిల్లల కంచంలోకి వస్తుంది. ఫారం కోళ్లకు మందులు ఎక్కిస్తారని కదా మనం నాటుకోడి వైపు వచ్చింది! మనుషులకు ఆఖరి అస్త్రంలా దాచుకోవాల్సిన కోలిస్టిన్ అనే యాంటీబయోటిక్‌ను కోళ్లకు, పశువులకు వాడకుండా 2019లో కేంద్రం నిషేధించింది. అలాంటి ఆంక్షలు ఫారాలకే కాదు, మన దొడ్డికీ వర్తిస్తాయని ఎవరైనా చెప్పాలి. డాక్టరు చూసి రాసిన మందు వాడితే గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో కూడా ఆయన్నే అడగండి.

వానాకాలం ఇంకో కథ. గూటిలో తడి ఆరదు, పిల్లలకు రక్తపు పారుడు పట్టుకుంటుంది. ఇది కొక్కెర లాంటిది కాదు, వేళకు పట్టుకుంటే దీనికి మందుంది. అంతకంటే ముందు గూడు పొడిగా ఉంచడం, తడిసిన ఊక ఎప్పటికప్పుడు తీసేయడం చేస్తే చాలావరకు రాదు. పాత చెక్క గూళ్ల పగుళ్లలో గోమార్లు దాక్కుంటాయి. పగలు కనిపించవు, రాత్రి బయటికొచ్చి రక్తం పీలుస్తాయి. కోడి తెల్లారేసరికి పాలిపోయిన జుట్టుతో నిలబడితే కోడిని కాదు, గూటి చెక్క సందుల్ని చూడండి. పొయ్యి బూడిదలో పొర్లాడటానికి ఓ గుంట వదిలితే పేలకు అవే మందు వేసుకుంటాయి. కట్టెల పొయ్యిలు పోయి గ్యాసు వచ్చాక బూడిదకు కూడా కరువొచ్చింది, పక్క వీధి ఇడ్లీ బండి దగ్గర అడుక్కుని తెచ్చుకుంటున్నాం. కోతుల గురించి రాయడం మొదలుపెడితే ఈ వ్యాసం ఆగదు. గుడ్లెత్తుకుపోవడం సరే, వెళ్తూ వెళ్తూ గంప కూడా తలకిందులు చేసి పోతాయి.

జూన్‌లో మాత్రం జాగ్రత్త. తొలకరికి పత్తి గింజలు, మక్క విత్తనాలు పెట్టే రోజులవి. ఆ విత్తనాలకు పురుగుమందు పట్టించి ఎర్రటి రంగు వేస్తారు. కోటలోపలి చేలల్లో గానీ, ఇంటి ముందు సంచి విప్పిన చోట గానీ నాలుగు గింజలు రాలితే కోడికి అవి పండగ. సాయంత్రానికి కాళ్లు చాచేస్తుంది. దాన్ని రోగమనుకుని, ఇంకా మెత్తగానే ఉంది కదా అని కోసి వండుకునేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. విషం తిన్న కోడైనా, రోగంతో పోయిన కోడైనా లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చాలి. మురికి కాలువలో పారేస్తే కుక్కలు దాన్ని లాక్కొచ్చి మళ్లీ వాడకట్టు మధ్యలోనే పెడతాయి.

ఇక మనుషుల ఆరోగ్యం. నాటు గుడ్డుకు ఫారం గుడ్డు కంటే రెట్టింపు ధర పెడుతున్నాం, అది బలమని. సొన రంగు ముదురుగా ఉంటుంది, నిజమే. ఆ రంగు కోడి తిన్న ఆకుల నుంచి, మక్కల నుంచి వస్తుంది. అంటే కోడి తిన్నదే గుడ్డులోకి వస్తుంది. మంచిదే కాదు, చెడ్డదీ వస్తుంది. పాత ఇంటి గోడ పెయింటు పెచ్చులూడి పడిన మట్టిలో, బ్యాటరీలు విప్పే షెడ్డు పక్క ఖాళీ జాగాలో తిరిగే కోడి గుడ్డులో సీసం ఉండొచ్చు. ఇంటి పెయింట్లలో సీసానికి 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) హద్దు మన దేశంలో 2017 నవంబర్ నుంచి మాత్రమే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులు చాలా ఇళ్ల గోడల మీద ఇంకా ఉన్నాయి. చిన్నపిల్లల బుర్ర ఎదుగుదలకు సీసం ఎంత చేటో వేరే చెప్పక్కర్లేదు. నాటు గుడ్డు మంచిదా అని అడిగేవాళ్లను నేను తిరిగి అడిగేది ఒక్కటే, ఆ కోడి ఎక్కడ తిరుగుతుంది?

పచ్చి గుడ్డు సంగతి కూడా ఇక్కడే. జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు, "ఒంట్లో నీరసంగా ఉంది" అనే పెద్దవాళ్లు నాటు గుడ్డయితే ఫరవాలేదని పచ్చిగానే కొట్టుకు తాగేస్తారు. సాల్మొనెల్లా బ్యాక్టీరియాకు నాటు, ఫారం తేడా తెలియదు. కోడికి ఏమీ లేనట్టే ఉండి మనకు వాంతులు, విరేచనాలు తెప్పించగలదు. సొన గట్టిపడేదాకా ఉడికించుకోండి. పిల్లలు కోడిపిల్లల్ని బుగ్గకు ఆనించుకుని ముద్దులాడటం ముచ్చటగా ఉంటుంది, తర్వాత ఆ చేతులు కడిగించండి. రాత్రిళ్లు దొంగల భయానికి కోళ్లను వంటింట్లోనో మంచం కిందో కమ్మేసే అలవాటు మానుకోవాలి. ఇది చెప్పినందుకు అత్తమ్మ నాతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆఖరికి ఇటుకల గూడు, ఇనుప జాలీ తలుపు, తాళం. ఖర్చయింది.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు మన సరిహద్దుల్లో చెక్‌పోస్టులు పెట్టి కోళ్ల లారీలను వెనక్కి పంపారు. చికెన్ సెంటర్లు ఈగలు తోలుకున్నాయి. మా వాడకట్టులో మాత్రం పుంజుల బేరం పెరిగింది, "నాటుకోడికి ఫ్లూ రాదంట కదా" అని. అదే మాట మళ్లీ! బర్డ్ ఫ్లూ వైరస్ కోడి కులగోత్రాలు అడగదు. చెరువుకొచ్చే వలస పక్షులతో, బాతులతో ఒకే నీళ్లు పంచుకునేది షెడ్డులో కోడి కాదు, మన పెరటి కోడే. ఆ మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప ఈ వైరస్‌తో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకున్నట్టు అప్పటి వార్తల్లో వచ్చింది. బాగా ఉడికిన కూరతో భయం లేదు. భయమంతా పచ్చి మాంసంతో, రోగంతో పడిపోయిన కోడిని ఉత్త చేతులతో ఈకలు పీకి శుభ్రం చేయడంతో. జుట్టు నీలంగా మారి, మొహం వాచి, ఉన్నట్టుండి ఒకేసారి నాలుగైదు కోళ్లు పడిపోతే అది కొక్కెరో ఫ్లూనో మనం చూసి చెప్పలేం. పశువైద్యుడికి చెప్పాలి, పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేయాలి.

చెప్తే ఏమవుతుందో అందరికీ తెలుసు, అందుకే చెప్పరు. ఫ్లూ అని తేలితే చుట్టూ కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నిటినీ చంపేస్తారు, బాగున్నవాటినీ. అలాంటప్పుడు దాచిపెట్టడమే తెలివనిపిస్తుంది. కొక్కెరకు టీకా వేసుకున్న వాడకట్టులో కోళ్లు ఉన్నపళంగా పడిపోవడం అరుదు. పడితే అనుమానం వెంటనే వస్తుంది, చెప్పాలన్న ఆలోచనా వస్తుంది. ఏటా సగం కోళ్లు పోవడం అలవాటైన చోట ఫ్లూ వచ్చినా గాలి తాకిందనే అనుకుంటారు. కొక్కెర టీకా కోళ్లకు మాత్రమే కాదు, మనుషులకూ అవసరమని నేను వాదించేది ఇందుకే.

"ఈ తిప్పలన్నీ ఎందుకు, గ్రామప్రియో వనరాజానో తెచ్చుకో" అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసమే తయారుచేసిన మంచి రకాలవి, నాకు వాటితో పేచీ లేదు. లెక్క చూడండి. మనిషికి ఏడాదికి 180 గుడ్లు కావాలంటుంది జాతీయ పోషకాహార సంస్థ. నలుగురున్న ఇంటికి 720. నాటు పెట్ట ఏడాదికి యాభై, అరవై పెడుతుంది, అంటే పన్నెండు నుంచి పదిహేను పెట్టలు. గ్రామప్రియ అయితే నాలుగైదు సరిపోతాయి. కానీ అవి సరిగా పొదగవు, పిల్లల్ని మళ్లీ మళ్లీ కొనాలి. కొన్న ప్రతిసారీ ఎక్కడినుంచో కొత్త పిల్లలు వాడకట్టులోకి వస్తాయి. వాటిని రెండు వారాలు విడిగా ఉంచాలి, టీకా వేయాలి. మంచి రకం తెచ్చుకుంటే టీకా బెడద తగ్గుతుందనుకుంటే పొరపాటు, పెరుగుతుంది.

ఈ సీసా సమస్యకు దారి లేకపోలేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఐ-2 అనే టీకా రకాన్ని పల్లె కోళ్ల కోసమే తయారుచేశారు. వేడిని కొంత తట్టుకుంటుంది, కంట్లో చుక్కగా వేయొచ్చు. మొజాంబిక్, టాంజానియా లాంటి చోట్ల ఊళ్లోవాళ్లకే నేర్పించి, నాలుగు నెలలకోసారి తేదీ పెట్టి, కోడికింత అని చిన్న రుసుము తీసుకుని వేయిస్తున్నారు. వేసేవాళ్లలో చాలామంది ఆడవాళ్లే. మన దగ్గర మహిళా సంఘాలు ప్రతి ఊళ్లో ఉన్నాయి, నెలనెలా మీటింగులు జరుగుతాయి, పొదుపు లెక్కలు రాస్తారు. ఆ పుస్తకంలో ఇంకో పేజీ తెరిచి ఏ ఇంట్లో ఎన్ని కోళ్లో రాసుకుంటే వంద డోసుల సీసా తక్కువ పడుతుందే తప్ప మిగలదు. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. చదువుకునే పిల్లలు ఆదివారం పొద్దున ఓ వాడకట్టుకు వచ్చి నలుగురికి చుక్క వేయడం నేర్పితే ఆ నలుగురూ ఇంకో పది మందికి నేర్పుతారు. 2017లో గొర్రెల పంపిణీ పథకంలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు యూనిట్ అని లెక్కగట్టి 75 శాతం సబ్సిడీ ఇచ్చిన రాష్ట్రం మనది. మేం సబ్సిడీ అడగడం లేదు. చల్లటి సీసా ఊరి దాకా రావాలి, అంతే.

మా ఆదివారాలకు అందరూ రారు. వీధి చివర ఇంటాయన మొదటిసారి పెట్టల్ని తెచ్చాడు గానీ పుంజును తేలేదు. అది సమ్మక్క సారలమ్మకు మొక్కిన పుంజు, మేడారం జాతరకు తీసుకెళ్లాలి, మందు పడితే మొక్కు చెల్లదని ఆయన పట్టు. అత్తమ్మ ఊరుకోలేదు. "పోయిన పారి నీ మొక్కు పుంజు కొక్కెరకే పాయె గద బిడ్డా. అంగట్ల కొనుక్కపోయి ఇచ్చినవ్. ఆ అంగడి పుంజుకు ఎవడేం తాపిండో నీకేమన్న ఎర్కనా?" అంది. ఆయన నవ్వాడు, పుంజును మాత్రం తేలేదు. అదిప్పటికీ టీకా లేకుండానే గోడ మీదెక్కి కూస్తోంది. జాతర నుంచి తిరిగొచ్చేవాళ్లు అక్కడ కొన్న కోళ్లను ఇంటికి తెస్తే రెండు వారాలు గంప కింద వేరుగా ఉంచాలని మాత్రం ఆయనతో సహా అందరూ ఒప్పుకున్నారు. ఆర్2బి సూది వచ్చే ఆదివారం. పుంజు గురించి ఆయన్ను మళ్లీ అడుగుతాను, ఈసారి వాళ్లావిడ ముందు.